బంతి చేయి వదిలే క్షణం: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో షాట్ నాణ్యతను కొలవడం ఎలా?

2018 మార్చి 16న షార్లట్ నగరంలో వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టు 54-74తో ఓడిపోయింది. గెలిచింది మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్ జట్టు. అందరూ దాన్ని యూఎంబీసీ అని పిలుస్తారు. అప్పటివరకు పురుషుల జాతీయ టోర్నీలో ఒకటో సీడ్ (బలాన్నిబట్టి ఇచ్చే ర్యాంకు) జట్లు పదహారో సీడ్ జట్లతో 135 సార్లు తలపడి 135 సార్లూ గెలిచాయి. ఒకటో సీడ్ అయిన వర్జీనియా ఆ సీజన్‌లో 31 గెలిచి రెండే ఓడి అక్కడికి వచ్చింది. మూడు పాయింట్ల గీత బయటి నుంచి యూఎంబీసీ వేసిన 24 షాట్లలో 12 పడ్డాయి. వర్జీనియా వేసిన 22లో పడినవి నాలుగే.

స్కోరు చూస్తే ఒక జట్టు అద్భుతంగా ఆడింది, మరొకటి కుప్పకూలింది. నిజంగా మంచి షాట్లు ఎవరు వేశారు? ఆ 20 పాయింట్ల తేడాలో ఆట ఎంత, అదృష్టం ఎంత? స్కోరుబోర్డు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. షాట్ నాణ్యతను కొలిచే పద్ధతి కొంతవరకు చెబుతుంది. ఆ పద్ధతిని మొదటి నుంచి కడదాం. చివర్లో ఇదే మ్యాచ్‌ను ఆ లెక్కలో పెట్టి చూద్దాం. కావలసిన సామగ్రి ఒక స్ప్రెడ్‌షీటు, మ్యాచ్ వీడియో, కూడికలు తీసివేతలకు మించి కొంచెం గణితం. అన్నిటికన్నా ముఖ్యం ఓపిక.

మొదటి మెట్టు: దేన్ని కొలుస్తున్నామో తేల్చుకోండి

ఒక షాట్ పడిందా లేదా అన్నదానిలో మూడు విషయాలు కలగలిసి ఉంటాయి. ఆ షాట్ ఎలాంటి అవకాశం అన్నది ఒకటి. వేసిన ఆటగాడి నైపుణ్యం రెండోది. మూడోది అదృష్టం. రింగు అంచుకు తగిలిన బంతి ఒకసారి లోపలికి జారుతుంది, ఇంకోసారి బయటికి ఎగురుతుంది. షాట్ నాణ్యత అంటే ఈ మూడింటిలో మొదటిది మాత్రమే.

అందుకే నిర్వచనాన్ని ఇలా రాసి గోడకు అంటించుకోమంటాను: సగటు కాలేజీ ఆటగాడు అదే చోటు నుంచి, అదే పరిస్థితిలో, అదే షాట్‌ను చాలాసార్లు వేస్తే ఒక్కో షాట్‌కు సగటున ఎన్ని పాయింట్లు వస్తాయి? దీన్ని ఇకపై అంచనా విలువ అందాం. బంతి చేయి వదిలే క్షణానికి ఈ విలువ ఖరారైపోవాలి. ఆ తర్వాత బంతి ఎక్కడ పడినా దాన్ని మార్చకూడదు. ఈ పనిలో చేసే పొరపాట్లలో చాలావరకు ఈ ఒక్క నియమాన్ని మరిచిపోవడం వల్లే వస్తాయి.

రెండో మెట్టు: మామూలు షాట్ శాతాన్ని పక్కన పెట్టండి

ఒకడు 20 షాట్లు వేసి 10 కొట్టాడు, అన్నీ రెండు పాయింట్లవే. మొత్తం 20 పాయింట్లు. ఇంకొకడు 20 వేసి 8 కొట్టాడు, వాటిలో ఆరు మూడు పాయింట్లవి. మొత్తం 22 పాయింట్లు. మామూలు శాతం మొదటివాడికి 50, రెండోవాడికి 40 ఇస్తుంది. ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడికి తక్కువ మార్కులు వేసే కొలమానం ఇది.

సరిచేయడం తేలిక. పడిన షాట్ల సంఖ్యకు, పడిన మూడు పాయింట్ల షాట్లలో సగాన్ని కలిపి, మొత్తం ప్రయత్నాలతో భాగించాలి. దీన్ని ఈఎఫ్‌జీ (ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం) అంటారు. మొదటివాడికి 50 శాతం, రెండోవాడికి 55 శాతం వస్తుంది. డీన్ ఆలివర్ అనే విశ్లేషకుడు గెలుపును నిర్ణయించే నాలుగు అంశాలను గుర్తించాడు: షాట్లు, బంతి పోగొట్టుకోవడం, సొంత రీబౌండ్లు (తమ షాట్ పడనప్పుడు బంతిని మళ్లీ తామే అందుకోవడం), ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే అడ్డు లేకుండా వేసే షాట్లు). వీటిలో షాట్లకు 40 శాతం బరువు ఇచ్చి, దాన్ని ఈఎఫ్‌జీతోనే కొలిచాడు.

అయినా ఈఎఫ్‌జీ చెప్పేది జరిగినదాన్ని మాత్రమే. మన పనికి అది రెండో చివర. జరగాల్సినది ఏమిటో చెప్పే కొలత మొదటి చివరలో కావాలి. ఆ రెండింటి మధ్య దూరమే ఈ వ్యాసం మొత్తం.

మూడో మెట్టు: కోర్టును ముక్కలు చేయండి

కాలేజీ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50. మొదటి ప్రయత్నానికి ఐదు ప్రాంతాలు చాలు: రింగు కింద, రింగుకు దూరంగా ఉన్నా పెయింట్ (రింగు ముందు రంగు వేసిన చతురస్రాకార భాగం) లోపల, పెయింట్ బయట మూడు పాయింట్ల గీత లోపలి మధ్యదూరం, మూలల్లోని త్రీ (మూడు పాయింట్ల షాట్), మిగతా త్రీ. అమెరికా కాలేజీల మొదటి డివిజన్ (అత్యున్నత స్థాయి) పురుషుల ఆటలో రింగు దగ్గరి షాట్లు సుమారు 60 శాతం పడతాయి. గీత లోపలి దూరపు జంప్ షాట్లు (ఎగిరి వేసే షాట్లు) నూటికి 35 నుంచి 38 వరకు, త్రీలు సుమారు 34 పడతాయి. వీటిని పాయింట్లలోకి మారిస్తే రింగు కింద 1.2, మధ్యదూరం 0.7 కంటే కొంచెం ఎక్కువ, త్రీ 1.02. ఇన్నేళ్ల వాదనలకు మూలం ఈ మూడు అంకెలే. మధ్యదూరపు షాట్, త్రీ దాదాపు ఒకే కష్టం. ప్రతిఫలంలో మాత్రం ఒకటిన్నర రెట్ల తేడా.

ఇక్కడ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ గురించి చదివినవాళ్లు తరచూ ఒక తప్పు చేస్తారు. ఎన్‌బీఏలో మూలల దగ్గర గీత 22 అడుగులే. ముందువైపు 23 అడుగుల 9 అంగుళాలు. ఆ 21 అంగుళాల లాభం వల్ల అక్కడ మూల త్రీకి గొప్ప పేరు వచ్చింది. కాలేజీలో సంగతి వేరు. అంతర్జాతీయ గీతనే వాడే ఇప్పటి కాలేజీ కోర్టులో ముందువైపు దూరం 22 అడుగుల 1¾ అంగుళాలు, మూలల్లో దాదాపు 21 అడుగుల 8 అంగుళాలు. తేడా ఆరు అంగుళాలకు మించదు. అయినా కాలేజీ మూల త్రీలు మంచివిగా కనిపిస్తే దానికి దూరం కారణం కాదు. మూలలో నిలబడినవాడు సాధారణంగా పాస్ అందుకుని, కాళ్లు సర్దుకుని, ఖాళీగా వేస్తాడు. అంటే మెచ్చుకోవలసింది చోటును కాదు, అక్కడికి వచ్చిన పాస్‌ను.

ఇంకో జాగ్రత్త. కాలేజీ పురుషుల ఆటలోకి మూడు పాయింట్ల గీత 1986-87లో 19 అడుగుల 9 అంగుళాల దగ్గర వచ్చింది. 2008-09లో 20 అడుగుల 9 అంగుళాలకు జరిగింది. 2019-20లో ఇప్పటి దూరానికి వెళ్లింది. మహిళల ఆటలో ఈ చివరి మార్పు 2021-22లో వచ్చింది. ఆ హద్దులకు అటూ ఇటూ ఉన్న సీజన్లను ఒకే సంచిలో పోస్తే మీ అంచనాలు ఏ కాలానికీ చెందవు. షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఇచ్చే గడువు) విషయమూ అంతే. పురుషులకు అది 2015-16లో 35 సెకన్ల నుంచి 30కి తగ్గింది.

మన కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఆడేవాళ్లకు ఇందులో ఒక మంచి సంగతి ఉంది. మన కోర్టుల మీది 6.75 మీటర్ల గీత కూడా ఇదే. మన షాట్ క్లాక్ 24 సెకన్లు కాబట్టి తొందర మాత్రం కొంచెం ఎక్కువ.

నాలుగో మెట్టు: డేటా తెచ్చుకోండి, కానీ వెంటనే నమ్మకండి

ప్రతి మ్యాచ్‌కూ క్షణక్షణపు నమోదు ఉంటుంది. ఎవరు, ఏ నిమిషంలో, ఏ రకం షాట్ వేశారో, పడిందో లేదో అందులో ఉంటుంది. చాలా మ్యాచ్‌లకు షాట్ వేసిన చోటు కూడా అంకెల్లో దొరుకుతుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు పురుషుల మ్యాచ్‌లకు హూప్‌ఆర్, మహిళల మ్యాచ్‌లకు వీహూప్ అనే ఉచిత ప్యాకేజీలతో వీటిని దించుకోవచ్చు. కోడ్ రాయని వాళ్లు ఒక జట్టును ఎంచుకుని పది మ్యాచ్‌లు చేత్తో నమోదు చేసినా నేర్చుకునేది తక్కువేమీ కాదు. పదివేల షాట్ల ఫైలును తెరిచి చూడకుండా మోడల్‌లో పోసినవాడికంటే, ఆరు వందల షాట్లను కళ్లతో చూసినవాడికే ఆట బాగా తెలుస్తుందని నా నమ్మకం.

చోటు అంకెలు దొరికితే దూరం లెక్క ఇలా. రింగు మధ్యబిందువు బేస్‌లైన్ (రింగు వెనకవైపు చివరి గీత) నుంచి 5.25 అడుగులు, పక్కగీత నుంచి 25 అడుగులు. షాట్ వేసిన చోటుకు ఈ రెండు దిశల్లో ఉన్న తేడాలను విడివిడిగా వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే అడుగుల్లో దూరం వస్తుంది. వెంటనే ఒక పరీక్ష పెట్టండి. మూడు పాయింట్లవిగా నమోదైన షాట్లన్నీ 21 అడుగుల 8 అంగుళాలు దాటుతున్నాయా? పదిహేను అడుగుల దగ్గర త్రీ కనిపిస్తే, ఆ కోర్టులో నమోదు చేసినవాళ్లు తెర మీద ఎక్కడో నొక్కారని అర్థం. రెండో అర్ధభాగంలో జట్లు బుట్టలు మార్చుకుంటాయి. కొన్ని ఫైళ్లలో ఆ మార్పు సర్దరు. అప్పుడు లేఅప్‌లన్నీ (రింగు దగ్గరికెళ్లి వేసే షాట్లు) ఎనభై అడుగుల దూరం నుంచి వేసినట్టు కనిపిస్తాయి.

ఇంతకన్నా లోతైన ఇబ్బంది ఒకటుంది. లేఅప్, జంప్ షాట్ అనే పేర్లు పెట్టేది కోర్టు పక్కన కూర్చున్న మనుషులు. ఆరడుగుల దూరం నుంచి ఒంటిచేత్తో వేసిన షాట్ పడితే లేఅప్ అనీ, పడకపోతే జంప్ షాట్ అనీ రాయాలనిపించడం మానవ సహజం. అలా జరిగిన ప్రతిసారీ రింగు దగ్గరి శాతం ఉన్నదానికన్నా పెరుగుతుంది, మధ్యదూరపు శాతం తగ్గుతుంది. అందుకే చోటు అంకె, షాట్ పేరు రెండూ ఉన్నచోట అంకెనే నమ్మండి. ఒక జట్టు సొంత కోర్టులో రింగు దగ్గర గొప్పగానూ బయటి కోర్టుల్లో మామూలుగానూ కనిపిస్తే, జట్టుకన్నా ముందు నమోదు చేసేవాళ్లను అనుమానించండి.

ఐదో మెట్టు: వీడియో చూస్తూ పరిస్థితిని రాయండి

ఈ పనికి ప్రాణం ఇదే. ఎన్‌బీఏ 2013-14 నుంచి తన కోర్టులన్నిటిలో ఆటగాళ్ల కదలికలను పట్టే కెమెరాలు పెట్టింది. ఆ సమాచారంతోనే 2014లో యూ-హాన్ చాంగ్, రాజీవ్ మహేశ్వరన్ బృందం షాట్ నాణ్యతనూ షాట్ వేసే నైపుణ్యాన్నీ వేరుచేసే పద్ధతిని ప్రకటించింది. జట్టు సాధించిన ఈఎఫ్‌జీ నుంచి ఆ షాట్లకు రావలసిన ఈఎఫ్‌జీని తీసేస్తే మిగిలేది నైపుణ్యమని వాళ్ల వాదన. మనం చేస్తున్నది సారంలో అదే. కాలేజీల కెమెరా సమాచారం మనలాంటి వాళ్లకు అందుబాటులో లేదు కాబట్టి ఆ పని మన కళ్లు చేయాలి.

ప్రతి షాట్‌కూ స్ప్రెడ్‌షీటులో ఈ గడులు పెట్టండి:

- దూరం, ప్రాంతం
- దగ్గరి డిఫెండర్: మీద పడి ఉన్నాడు, చేయి చాస్తే అందేంత దూరం, ఖాళీ
- పాస్ అందుకుని వెంటనే వేశాడా, డ్రిబుల్ చేసి వేశాడా
- షాట్ క్లాక్‌లో మిగిలిన సెకన్లు
- పరుగు మీద దొరికిన షాటా, నిలబడిన డిఫెన్స్ మీద వేసినదా, సొంత రీబౌండ్ తర్వాతదా
- ఫౌల్ అయిందా
- ఫలితం

ఫలితం గడిని చివర పెట్టడానికి కారణం ఉంది. బంతి చేయి వదిలే క్షణంలో వీడియో ఆపండి. మిగతా గడులన్నీ నింపండి. ఆ తర్వాతే నొక్కి, పడిందో లేదో చూడండి. నేను మొదట్లో షాట్ మొత్తం చూసి రాసేవాణ్ణి. కొన్ని వారాల తర్వాత అవే షాట్లను ఆపి ఆపి చూస్తే, పడిన షాట్లకు ఖాళీ అనీ, పడనివాటికి డిఫెండర్ దగ్గరున్నాడనీ నా చేయి తనంతట తానే రాసిందని తేలింది. ఫలితం తెలిసిన కన్ను నిజాయితీగా చూడలేదు. ఆ పట్టిక మొత్తాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

వీలైతే ఇంకొకరి చేత అవే యాభై షాట్లను విడిగా నింపించండి. డిఫెండర్ దూరం విషయంలో మీ ఇద్దరి మాట ఐదింట నాలుగుసార్లయినా కలవకపోతే, నిర్వచనాలు ఇంకా మసకగా ఉన్నాయని అర్థం. వాటిని బిగించాక ముందుకు వెళ్లండి.

షాట్ క్లాక్ తెర మీద కనిపించకపోతే, బంతి చేతికి వచ్చిన సమయాన్నిబట్టి లెక్కించుకోవచ్చు. సొంత రీబౌండ్ తర్వాత క్లాక్ 30కి కాకుండా 20కి మారుతుంది. పురుషుల ఆటలో ఈ నిబంధన 2019-20 నుంచి ఉంది.

ఆరో మెట్టు: ముందు పట్టిక, తర్వాతే మోడల్

మొదట మామూలు పట్టిక వేయండి. ప్రాంతాలు నిలువుగా, డిఫెండర్ దూరం అడ్డంగా. ప్రతి గడిలో ప్రయత్నాలు, పడినవి, ఒక్కో షాట్‌కు పాయింట్లు. ఈ పట్టికే మీ మొదటి షాట్ నాణ్యత కొలమానం. కొత్త షాట్ ఏ గడిలో పడితే ఆ గడి సగటే దాని అంచనా విలువ.

గడులు పెరిగేకొద్దీ ఒక్కోదానిలో షాట్లు పలచబడతాయి. మూల నుంచి, ఖాళీగా, డ్రిబుల్ తర్వాత, క్లాక్ చివర్లో వేసిన త్రీలు మీ దగ్గర ఆరే ఉండవచ్చు. ఆరింటి సగటును నమ్మలేం. లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతి అవసరం పడేది ఇక్కడే. అది ఒక్కో అంశం ప్రభావాన్ని షాట్లన్నిటి నుంచీ విడిగా నేర్చుకుని, తర్వాత అన్నిటినీ కలుపుతుంది.

లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి నేనే కొన్ని అంకెలు తీసుకుంటాను. ఖాళీగా, పాస్ అందుకుని వేసిన త్రీ పడే సంభావ్యత 0.37 అనుకోండి. 0.37ను 0.63తో భాగించి సహజ సంవర్గమానం తీస్తే −0.53. డిఫెండర్ మీద పడి ఉంటే −0.35 కలపాలని మోడల్ చెప్పింది, −0.88 అయింది. దాన్ని తిరిగి సంభావ్యతగా మారిస్తే 0.29. డ్రిబుల్ చేసి వేస్తే ఇంకో −0.15 కలిసి −1.03, అంటే 0.26. మూడుతో గుణించండి. అదే చోటు నుంచి వేసిన త్రీ విలువ 1.11 నుంచి 0.88కి, అక్కడి నుంచి 0.79కి జారింది. గీత బయటి నుంచి వేస్తే చాలు మంచి షాటే అనుకునేవాళ్లకు ఈ జారుడు చూపించండి. చివరి షాట్ మామూలు మధ్యదూరపు షాట్‌కన్నా పెద్దగా మెరుగు కాదు.

దూరం ప్రభావం సరళరేఖలా ఉండదు. రింగు నుంచి ఎనిమిది అడుగులు జరిగేలోపే సంభావ్యత నిటారుగా పడిపోతుంది. ఆ తర్వాత పదిహేను అడుగులపాటు మెల్లగా తగ్గుతుంది. కాబట్టి దూరాన్ని ఒకే గుణకంతో కాకుండా ప్రాంతాలుగా గానీ వంపు రేఖగా గానీ మోడల్‌కు ఇవ్వండి.

మోడల్ బాగుందో లేదో పరీక్షించడానికి ఒక సీజన్‌తో నేర్పి, తర్వాతి సీజన్ మీద చూడండి. 0.35 నుంచి 0.40 మధ్య సంభావ్యత ఇచ్చిన షాట్లన్నిటినీ కుప్ప పోయండి. నిజంగా వాటిలో నూటికి 35 నుంచి 40 పడ్డాయా? ప్రతి కుప్పకూ ఇలా సరిపోతే మోడల్ నిజం చెబుతున్నట్టే. ఒక్కో షాట్ పడుతుందో లేదో ఊహించలేకపోతోందని నిరాశపడకండి. ఎంత మంచి మోడలైనా ఆ పని చేయలేదు. మనం అడుగుతున్నదీ అది కాదు.

ఏడో మెట్టు: ఫౌల్‌ను మరవకండి

షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే, అది షాట్ ప్రయత్నంగా లెక్కకు రాదు. ఆటగాడు ఫ్రీ త్రో గీత దగ్గరికి వెళ్తాడు, షాట్ల పట్టికలో ఆ సంఘటన కనిపించదు. దీనివల్ల బాగా నష్టపోయేది రింగు మీదికి దూసుకెళ్లే ఆటగాళ్లు.

డిఫెండర్ మీద పడుతుండగా వేసిన లేఅప్ 45 శాతం పడుతుందనుకుంటే విలువ 0.9. త్రీకన్నా తక్కువలా కనిపిస్తుంది. అలాంటి నాలుగు ప్రయత్నాల్లో ఒకటి ఫౌల్‌గా మారితే? 70 శాతం ఫ్రీ త్రోలు కొట్టేవాడికి రెండు ఫ్రీ త్రోల విలువ 1.4. నాలుగింట మూడు వంతుల 0.9కి, నాలుగింట ఒక వంతు 1.4ను కలపండి. 1.025 వస్తుంది. త్రీతో సమానమైంది. మీ ఫైలులో ఫౌల్ అయిన ప్రయత్నాలను తప్పకుండా చేర్చండి.

ఎనిమిదో మెట్టు: అదృష్టాన్ని విడదీయండి

ఇప్పుడు షార్లట్‌కు తిరిగి వెళ్దాం. ప్రతి షాట్ పరిస్థితినీ నమోదు చేయకముందే, కేవలం త్రీల మీద ఒక మోటు లెక్క వేయవచ్చు. అన్ని త్రీలూ సగటు నాణ్యతవే, 34 శాతం పడేవే అనుకుందాం. యూఎంబీసీకి 24 ప్రయత్నాల్లో 8.2 పడాలి. అంటే 24.5 పాయింట్లు. వచ్చినవి 36. వర్జీనియాకు 22లో 7.5 పడాలి, 22.4 పాయింట్లు. వచ్చినవి 12. ఒకరికి 11.5 పాయింట్లు ఎక్కువ వచ్చాయి, ఇంకొకరికి 10.4 తక్కువ వచ్చాయి. కలిపితే దాదాపు 22. మ్యాచ్ తేడా 20.

త్రీలను పూర్తిగా తీసేసి చూడండి. యూఎంబీసీకి 38, వర్జీనియాకు 42. ఈ అంకెలు మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నేను చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను.

ఇది ఎంత అరుదు? ప్రయత్నాల సంఖ్యను పడే సంభావ్యతతోనూ, పడని సంభావ్యతతోనూ గుణించి వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా ఊగే దూరం, వస్తుంది. 24 త్రీలకు అది 2.3 షాట్లు, అంటే సుమారు ఏడు పాయింట్లు. వర్జీనియాకూ దాదాపు అంతే. రెండింటినీ వర్గాలుగా కూడి మూలం తీస్తే, ఇద్దరి తేడాకు 9.6 పాయింట్లు. 22 పాయింట్ల ఊపు అంటే దానికి 2.3 రెట్లు. ఒక జట్టుకు ఇంతగా కలిసిరావడం నూటికి ఒకసారి జరిగే సంగతి. మొదటి డివిజన్ పురుషుల సీజన్‌లో ఐదు వేలకు పైగా మ్యాచ్‌లు జరుగుతాయి. కాబట్టి ఇలాంటి రాత్రులు ఏటా పదుల సంఖ్యలో ఉంటాయి. ఈ రాత్రి అందరూ చూస్తుండగా వచ్చింది.

ఇక్కడే ఆగి, యూఎంబీసీది గుడ్డి అదృష్టమని తీర్పు చెప్పడం అన్యాయం. విరామానికి స్కోరు 21-21. రెండో భాగంలో యూఎంబీసీ ఆటగాడు జైరస్ లైల్స్ 23 పాయింట్లు చేశాడు, మొత్తం 28. అతను డిఫెన్స్‌ను చీల్చుకుని లోపలికి వెళ్తే బయట నిలబడ్డవాళ్లకు వచ్చే త్రీలు సగటు త్రీలు కావు, ఖాళీ త్రీలు. గాయంతో డీఆండ్రే హంటర్ ఆడకపోవడం వర్జీనియా డిఫెన్స్‌ను బలహీనపరిచింది. వెనకబడిన కొద్దీ వర్జీనియా తొందరలో వేసిన త్రీలు సగటుకన్నా నాసి అయి ఉండవచ్చు. మోటు లెక్క 22 పాయింట్లనూ అదృష్టం ఖాతాలో వేసింది. ఐదో మెట్టులోని గడులు నింపితే అందులో కొంత భాగం ఆట ఖాతాలోకి వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందో తేల్చడమే ఈ పద్ధతి పని. ఈ మ్యాచ్ వీడియోతోనే అభ్యాసం మొదలుపెట్టమని చెబుతాను. వర్జీనియా మరుసటి ఏడాది, 2019లో, అదే కోచ్‌తో జాతీయ విజేత అయింది.

తొమ్మిదో మెట్టు: ఆటగాడి నైపుణ్యాన్ని తొందరపడి తేల్చకండి

నిజంగా 34 శాతం త్రీలు కొట్టగలిగే ఆటగాడు 200 ప్రయత్నాలు చేస్తే, కేవలం అదృష్టం వల్లే అతని శాతం 31కీ 37కీ మధ్య ఊగుతుంది. మూడింట ఒకసారి ఆ హద్దులు కూడా దాటుతుంది. చాలామంది కాలేజీ ఆటగాళ్లు సీజన్ మొత్తంలో 200 త్రీలు వేయరు. కాబట్టి డిసెంబరులో 45 శాతం అని కనిపించినవాణ్ణి గొప్ప షూటర్ అనేయకండి.

దీనికి మందు సగటు వైపు లాగడం. ప్రతి ఆటగాడి ఖాతాలో సగటు ఆటగాడి ప్రయత్నాలు కొన్ని ముందే వేసి ఉంచాలి. నేను 150 వేస్తాను. 60 ప్రయత్నాల్లో 27 కొట్టినవాడి పైకి కనిపించే శాతం 45. దానికి 150 ప్రయత్నాలు, 51 పడినవి కలిపితే 210లో 78, అంటే 37 శాతం. ఇది అతని నైపుణ్యానికి మరింత నిజాయితీగల అంచనా. ప్రయత్నాలు పెరిగేకొద్దీ సొంత రికార్డు బరువు పెరిగి, అరువు తెచ్చిన 150 బరువు తగ్గుతుంది. ఫ్రీ త్రో శాతం కూడా పక్కన పెట్టుకోండి. అడ్డు ఎవరూ లేకుండా ఒకే దూరం నుంచి వేసే షాట్ కాబట్టి, చేతి నైపుణ్యం గురించి తొలినాళ్లలో త్రీ శాతం చెప్పలేనిది అది చెబుతుంది.

సగటు నిజంగా వర్తించని ఆటగాళ్లూ ఉంటారు. డేవిడ్సన్ కాలేజీ తరఫున స్టీఫెన్ కర్రీ 2007-08లో 162 త్రీలు కొట్టాడు. అయోవా తరఫున కైట్లిన్ క్లార్క్ 2023-24లో 201 కొట్టి మహిళల మొదటి డివిజన్‌లో సీజన్ రికార్డు సృష్టించింది. గీతకు ఎంతో వెనక నుంచి ఆమె వేసిన షాట్లను సగటు మోడల్ చెడ్డ షాట్లంటుంది. అందుకని మోడల్‌ను పారేయవద్దు, రెండు అంకెలు రాసుకోండి. సగటు ఆటగాడికి ఆ షాట్ విలువ ఎంత, ఈ ఆటగాడికి ఎంత? జట్టు అవకాశాలు ఎలా సృష్టిస్తోందో మొదటిది చెబుతుంది. ఎవరిచేత వేయించాలో రెండోది చెబుతుంది.

పదో మెట్టు: డిఫెన్స్‌ను చూసే తీరు మార్చుకోండి

ప్రత్యర్థుల త్రీ శాతం తక్కువగా ఉంటే ఆ జట్టు త్రీలను బాగా అడ్డుకుంటోందని అనుకుంటాం. కాలేజీ గణాంకాల్లో పెద్ద పేరున్న కెన్ పోమెరాయ్ దీన్ని గట్టిగా ఖండించాడు. ప్రత్యర్థి త్రీలు ఎంత శాతం పడతాయన్నది డిఫెన్స్ చేతిలో చాలా తక్కువ. ఎన్ని త్రీలు వేయనిచ్చామన్నదే దాని చేతిలో ఉంటుంది. మీ దగ్గరున్న ఒక సీజన్ మ్యాచ్‌లను రెండు సగాలుగా విడదీసి చూడండి. మొదటి సగంలో ప్రత్యర్థుల త్రీ శాతాన్ని తక్కువగా ఉంచిన జట్లు రెండో సగంలో సగటు వైపు జారతాయి. త్రీ ప్రయత్నాల సంఖ్య అంతగా మారదు.

కాబట్టి డిఫెన్స్ పట్టికలో ఉండాల్సినవి మూడు: వంద షాట్లలో రింగు దగ్గరికి ఎన్ని వెళ్లాయి, ఖాళీ త్రీలు ఎన్ని, మొత్తం అంచనా విలువ సగటు ఎంత. రింగు దగ్గర పడే శాతాన్ని మాత్రం డిఫెన్స్ ఖాతాలో వేయవచ్చు. పొడవైన సెంటర్ (రింగు దగ్గర ఆడేవాడు) నిలబడితే అది నిజంగానే తగ్గుతుంది.

పదకొండో మెట్టు: ఎవరి మీద ఆడారో చూడండి

మొదటి డివిజన్‌లో 350కి పైగా జట్లున్నాయి. వాటి మధ్య అంతరం ఎన్‌బీఏ జట్ల మధ్య ఉన్నదానికన్నా ఎంతో పెద్దది. నవంబరులో పెద్ద జట్లు చిన్న జట్లను ఇంటికి పిలిచి ఆడతాయి. అప్పుడు వచ్చిన అంచనా విలువను నేరుగా తీసుకుంటే పెద్ద జట్లన్నీ మహా జట్లే. ప్రతి మ్యాచ్‌లోనూ మీ జట్టు అంచనా విలువ నుంచి, ఆ ప్రత్యర్థి మిగతా అందరికీ ఇచ్చిన సగటును తీసేయండి. అలా సవరించిన అంకెలతో ప్రత్యర్థుల సగటును మళ్లీ లెక్కించండి. నాలుగైదు సార్లు తిప్పేసరికి అంకెలు కుదురుకుంటాయి.

ఇదంతా అయ్యాక కోచ్‌కో మిత్రుడికో ఇచ్చేది ఒక్క పేజీ చాలు. పైన జట్టు అంచనా విలువ, దాని కింద నిజంగా వచ్చిన పాయింట్లు, పక్కన ప్రత్యర్థివి. దాని కింద ఆ మ్యాచ్‌లోని అత్యంత విలువైన ఐదు షాట్లు, అత్యంత నాసి ఐదు షాట్లు, వీడియోలో అవి వచ్చే నిమిషంతో సహా. మంచి ఐదింటిలో పడనివి, నాసి ఐదింటిలో పడినవి ఉంటే వాటికి గుర్తు పెట్టండి. సంభాషణ మొదలుపెట్టాల్సింది ఆ గుర్తుల దగ్గరే.